ఉప్పునీటి అక్వేరియంలో కొత్త చేపల మరణం

ఉప్పునీటి అక్వేరియం అనగా సముద్ర జీవులను పెంచుటకు సముద్రజలంతో గాని, కృత్రిమంగా తయారుచేసిన ఉప్పునీటితో గాని నింపిన గాజు తొట్టి. ఇటువంటి తొట్టిలో కొత్తగా వదిలిన చేపలు కొన్ని గంటలలోనో, కొన్ని వారాలలోనో చనిపోవడం చేపలు పెంచేవారికి తరచుగా ఎదురయ్యే సమస్య. నీరు తేటగా ఉండి, చేప ఆరోగ్యంగా కనిపిస్తూ, అకస్మాత్తుగా చనిపోవడం వలన కారణం అంతుపట్టనట్లు తోస్తుంది. అయితే ఈ మరణాలలో చాలావాటికి కారణాలు తెలిసినవే. నీటిలోని అమ్మోనియా, రవాణాలో కలిగిన ఒత్తిడి, లవణీయతలో ఆకస్మిక మార్పు, ఆక్సిజన్ కొరత, పరాన్నజీవులు, తోటి చేపల దాడి, ఆహారలోపం వీటిలో ముఖ్యమైనవి. చేప తొట్టిలోకి వచ్చిన ఎన్నవ రోజున చనిపోయినదో గమనిస్తే వీటిలో ఏది కారణమో చాలావరకు గుర్తించవచ్చు.

చరిత్ర

గాజు తొట్టెలలో సముద్ర జీవులను పెంచే పద్ధతి 19వ శతాబ్దపు మధ్యభాగంలో ఇంగ్లాండులో వ్యాప్తిలోకి వచ్చినది. 1853లో లండను జంతు ప్రదర్శనశాలలో ప్రజల సందర్శనార్థం చేపల ప్రదర్శనశాల ప్రారంభమైనది. ఫిలిప్ హెన్రీ గాస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1854లో "ది అక్వేరియం" అనే గ్రంథాన్ని ప్రచురించాడు. సముద్రానికి దూరంగా ఉన్నవారి కొరకు లవణాలను కలిపి సముద్రజలాన్ని తయారుచేసే ప్రయత్నం కూడా అతడు చేశాడు.

ఆ కాలంలో తొట్టిలోని జీవులు ఎందుకు చనిపోతున్నాయో పూర్తిగా తెలియదు. 1890 ప్రాంతంలో రష్యా శాస్త్రవేత్త సెర్గీ వినొగ్రాడ్‌స్కీ అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియాలను వేరుచేసి చూపడంతో ఈ ప్రశ్నకు ఆధారం దొరికినది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఇంగ్, సముద్రం నుండి తెచ్చిన సజీవ శిలలను తొట్టిలో ఉంచి నీటిని శుభ్రంగా నిలిపే పద్ధతిని ప్రకటించాడు. ఈ శిలల రంధ్రాలలో ఉండే బాక్టీరియాలే నీటిని శుద్ధి చేస్తాయి. నేటి ఉప్పునీటి అక్వేరియంలు చాలావరకు ఈ సూత్రం మీదనే నడుస్తున్నాయి.

సముద్రపు చేప శరీర ధర్మం

సముద్రజలంలో సగటున కిలోకు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. ఎముకలు గల సముద్రపు చేపల రక్తంలో లవణాల గాఢత ఇందులో సుమారు మూడవ వంతు మాత్రమే. అందువలన ద్రవాభిసరణం ద్వారా చేప శరీరంలోని నీరు నిరంతరం బయటకు పోతూ ఉంటుంది. నీటి మధ్యనే ఉన్నా చేపకు దాహం తప్పదు. ఈ నష్టాన్ని పూరించుటకు చేప సముద్రజలాన్ని త్రాగి, అధిక లవణాలను మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా బయటకు పంపుతుంది. మూత్రం చాలా తక్కువగా విసర్జిస్తుంది.

బొచ్చె, శీలావతి, కొరమేను వంటి మంచినీటి చేపలలో ఇది తలక్రిందులుగా జరుగుతుంది. వాటి శరీరంలోకి నీరు చొరబడుతూ ఉంటుంది కనుక అవి నీటిని అధికంగా మూత్రరూపంలో విసర్జించి, లవణాలను నిలుపుకుంటాయి.

లవణాలను బయటకు పంపుటకు సముద్రపు చేప ఎల్లప్పుడూ శక్తిని ఖర్చుచేస్తూ ఉండవలెను. మొప్పలు దెబ్బతిన్నా, శ్వాస సరిగా ఆడకపోయినా ఈ పని మందగిస్తుంది. అప్పుడు చేప నీటిలో ఉండగానే శరీరంలోని నీరు కోల్పోయి చనిపోతుంది. క్రింద వివరించిన కారణాలలో అనేకం చివరకు మొప్పల మీదనే ప్రభావం చూపుతాయి.

తొట్టికి చేరక ముందు

అక్వేరియం కొరకు అమ్మే మంచినీటి చేపలలో ఎక్కువభాగం చెరువులలో పెంచినవి. సముద్రపు అలంకారపు చేపలలో మాత్రం అత్యధిక భాగం పగడపు దిబ్బల వద్ద పట్టినవే. పట్టినవారు, ఎగుమతిదారు, టోకు వర్తకుడు, దుకాణదారు వంటి అనేక చేతులు మారి అవి కొనుగోలుదారునికి చేరతాయి.

ప్రయాణంలో నీరు పాడు కాకుండా ఉండుటకు చేపలను ముందుగా ఉపవాసం ఉంచుతారు. ప్రతి మజిలీలోను ఈ ఉపవాసం తిరిగి జరగవచ్చు. అందువలన దుకాణంలో చురుకుగా కనిపించే చేప కూడా శరీరంలోని నిల్వలు హరించుకుపోయిన స్థితిలో ఉండవచ్చు. లోతైన నీటి నుండి వేగంగా పైకి తెచ్చిన చేపలలో వాయుకోశం ఉబ్బి అంతర్గత అవయవాలు దెబ్బతింటాయి.

ఫిలిప్పీన్స్, ఇండోనేషియా వంటి దేశాలలో సోడియం సైనైడ్ ద్రావణాన్ని చల్లి చేపలను మత్తులో ముంచి పట్టే పద్ధతి 1960ల నుండి వ్యాపించినది. ఇది చట్టవిరుద్ధమైనా పూర్తిగా ఆగలేదు. ఈ విధంగా పట్టిన చేపలలో కొన్ని వెంటనే చనిపోతాయి. మరికొన్ని తేరుకున్నట్లు కనిపించి, కొన్ని రోజులకు లేక వారాలకు చనిపోతాయి. అటువంటి చేపను కొన్నవారు తమ తొట్టిలో ఎంత వెదకినా లోపం కనబడదు.

మొదటి గంటలు: సంచి తెరచినప్పుడు

చేపను సాధారణంగా నీరు, ఆక్సిజన్ నింపిన పాలిథీన్ సంచిలో తీసుకువస్తారు. ప్రయాణంలో చేప శ్వాసించి విడిచిన కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి, నీటి పి.హెచ్. విలువ తగ్గుతుంది. అదే సమయంలో మొప్పల నుండి వెలువడిన అమ్మోనియా కూడా నీటిలో పేరుకుంటుంది. అయితే పి.హెచ్. తక్కువగా ఉన్నప్పుడు అమ్మోనియాలో అధికభాగం అమ్మోనియం అయానుగా ఉంటుంది. ఇది చేపకు అంతగా హాని చేయదు.

సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటకు పోయి పి.హెచ్. పెరుగుతుంది. దానితో అమ్మోనియం తిరిగి విషపూరితమైన అమ్మోనియాగా మారుతుంది. చేపకు అలవాటు చేయాలనే మంచి ఉద్దేశంతో విప్పిన సంచిలోనికి గంటల తరబడి తొట్టి నీటిని చుక్కలుగా కలుపుతూ పోతే, దూరప్రయాణం చేసిన చేప ఆ సంచిలోనే విషప్రభావానికి గురికావచ్చు.

దీనికి భిన్నంగా, లవణీయతలో తేడా ఎక్కువగా ఉన్నప్పుడు చేపను వెంటనే తొట్టిలో వేయడం కూడా ప్రమాదకరమే. దుకాణాలలో పరాన్నజీవులను అదుపులో ఉంచుటకు నీటి ఉప్పదనాన్ని తగ్గించి ఉంచడం కలదు. తక్కువ ఉప్పు నుండి ఎక్కువ ఉప్పు గల నీటిలోకి హఠాత్తుగా మారిన చేప శరీరం నుండి నీరు వేగంగా బయటకు పోతుంది. చేప తేరుకున్నట్లు కనిపించినా ఒకటి రెండు రోజులలో చనిపోవచ్చు. అందువలన కొనుటకు ముందే దుకాణపు నీటి లవణీయతను అడిగి తెలుసుకొని, చేపను మొదట ఉంచబోయే తొట్టిని ఆ విలువకు దగ్గరగా సిద్ధం చేయడం మేలైన పద్ధతి. అప్పుడు మూసిన సంచిని 15 నుండి 20 నిమిషాలు నీటిపై తేల్చి ఉష్ణోగ్రతను సమం చేసి, చేపను త్వరగా బయటకు తీయవచ్చు. సంచిలోని నీటిని తొట్టిలో కలపకూడదు.

మొదటి వారాలు: అమ్మోనియా, నత్రజని వలయం

చేపలు మాంసకృత్తులను జీర్ణం చేసుకున్నప్పుడు ఏర్పడే అమ్మోనియాను ముఖ్యంగా మొప్పల ద్వారా విసర్జిస్తాయి. మిగిలిపోయిన ఆహారం కుళ్ళినా అమ్మోనియా పుడుతుంది. సముద్రంలో అది అపారమైన నీటిలో కలిసిపోతుంది. 100 లీటర్ల తొట్టిలో దానికి పోవుటకు చోటు లేదు.

తొట్టిలో దీనిని తొలగించే పని బాక్టీరియాలది. ఒక వర్గపు సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. మరొక వర్గం నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. రెండవ దశను నైట్రోబాక్టర్ నిర్వహిస్తుందని చాలాకాలం భావించారు. అక్వేరియంలలో ఈ పని ప్రధానంగా నైట్రోస్పైరా చేస్తుందని 1990ల చివరి పరిశోధనలు తెలిపాయి. ఈ సూక్ష్మజీవులు నీటిలో కంటె ఇసుక, రాళ్ళు, ఫిల్టరు వంటి ఉపరితలాలపై అంటిపెట్టుకొని జీవిస్తాయి. వీటి పెరుగుదల చాలా నెమ్మది. కొత్త తొట్టిలో ఇవి చాలినంతగా వృద్ధి చెందుటకు సాధారణంగా 4 నుండి 6 వారాలు పడుతుంది. ఈ గడువులోపల వదిలిన చేపలు తమ విసర్జనలోనే జీవించవలసి వస్తుంది. నీరు తేటగా ఉండడం దీనికి విరుగుడు కాదు. అమ్మోనియాకు రంగు లేదు.

ఉప్పునీటిలో ఈ ప్రమాదం మంచినీటిలో కంటె ఎక్కువ. సముద్రజలపు పి.హెచ్. సుమారు 8.2. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద, ఈ పి.హెచ్.లో మొత్తం అమ్మోనియాలో దాదాపు 6 నుండి 8 శాతం విషరూపంలో ఉంటుంది. పి.హెచ్. 7 గల మంచినీటిలో ఇది సుమారు అర శాతం మాత్రమే. అనగా ఒకే మోతాదు అమ్మోనియా ఉప్పునీటి తొట్టిలో పదింతలకు పైగా విషపూరితం కాగలదు. నైట్రైటు విషయంలో మాత్రం ఉప్పునీటి చేపలకు కొంత రక్షణ ఉన్నది. నీటిలో సమృద్ధిగా ఉన్న క్లోరైడు, మొప్పల ద్వారా నైట్రైటు లోనికి ప్రవేశించడాన్ని అడ్డుకుంటుంది.

పాత తొట్టిలో కూడా ఈ సమస్య తలెత్తవచ్చు. బాక్టీరియాల సంఖ్య తొట్టిలో ఉన్న చేపల విసర్జనకు సరిపడినంతే ఉంటుంది. రెండు చేపలున్న తొట్టిలో ఒకేసారి మరో ఐదింటిని వేస్తే అమ్మోనియా కొన్ని రోజులపాటు పేరుకుంటుంది. ఫిల్టరును క్లోరిన్ కలిసిన కుళాయి నీటితో కడిగినా బాక్టీరియాలు నశించి ఇదే ఫలితం కలుగుతుంది.

అమ్మోనియా సోకిన చేప వేగంగా ఊపిరి తీస్తుంది. నీటి పైభాగానికి చేరి నోరు తెరుస్తుంది. మొప్పలు ఎర్రబడతాయి. ఆహారం ముట్టదు.

నీటి తయారీ: తిరువూరు ఉదాహరణ

సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్ళలో నీటి తయారీయే మొదటి పరీక్ష. తిరువూరు విజయవాడకు ఉత్తరంగా, తెలంగాణ సరిహద్దు సమీపంలో ఉన్న పట్టణం. 2022 వరకు కృష్ణా జిల్లాలో ఉండి, ఆ సంవత్సరం ఏప్రిల్‌లో ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. ఇక్కడి నుండి సముద్రతీరం నూరు కిలోమీటర్లకు పైగా దూరం. ఇటువంటి చోట మూడు మార్గాలు ఆలోచనకు వస్తాయి.

మొదటిది, మచిలీపట్నం వంటి తీరం నుండి సముద్రజలం తెచ్చుకొనుట. కృష్ణా, గోదావరి నదులు బంగాళాఖాతంలో కలిసే ఈ తీరంలో వర్షాకాలపు వరద వలన నీటి ఉప్పదనం బాగా తగ్గుతుంది. ఒండ్రు, సేంద్రియ పదార్థాలు కూడా కలుస్తాయి. ఒకే తీరంలో వేసవిలో తెచ్చిన నీరు, వరదల తరువాత తెచ్చిన నీరు ఒకటి కావు.

రెండవది, వంట ఉప్పును నీటిలో కలుపుట. ఇది చేపలకు పనికిరాదు. సముద్రపు లవణాలలో సోడియం, క్లోరైడు కలిసి సుమారు 86 శాతం ఉంటాయి. మిగిలినది మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం మొదలైనవి. శ్రీకాకుళం జిల్లా నౌపడ, బాపట్ల జిల్లా చినగంజాం వంటి చోట్ల ఉప్పుమడులలో సముద్రజలం ఆవిరి అవుతున్నప్పుడు కాల్షియం ముందుగా జిప్సంగా పేరుకుంటుంది. తరువాత ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియం, పొటాషియం చివర మిగిలిన చేదునీటిలో ఉండిపోతాయి. కనుక సముద్రం నుండి వచ్చినదే అయినా, ఉప్పును తిరిగి నీటిలో కలిపితే సముద్రజలం కాదు.

మూడవది, అక్వేరియం కొరకు తయారుచేసిన లవణ మిశ్రమాన్ని శుద్ధజలంలో కలుపుట. 100 లీటర్లకు సుమారు మూడున్నర నుండి నాలుగు కిలోల మిశ్రమం అవసరమవుతుంది. బోరునీటిలో నైట్రేటు, కాఠిన్యం అధికంగా ఉండవచ్చు. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. అందువలన ఆర్.ఓ. నీరు వాడడం మంచిది. పట్టణాలలో 20 లీటర్ల డబ్బాలలో అమ్మే ఆర్.ఓ. నీటిని వాడవచ్చును గాని, రుచి కొరకు అందులో మరల ఖనిజాలు కలిపినదీ లేనిదీ టి.డి.ఎస్. మీటరుతో చూసుకొనవలెను. 200 లీటర్ల తొట్టికి ఇటువంటివి 10 డబ్బాలు కావలెను. కలిపిన నీటిని ఒక రోజు పంపుతో త్రిప్పి, 25 డిగ్రీల వద్ద సాపేక్ష సాంద్రత సుమారు 1.025 ఉన్నట్లు హైడ్రోమీటరు లేదా రిఫ్రాక్టోమీటరుతో పరీక్షించిన తరువాతనే వాడవలెను.

తొట్టి నుండి ఆవిరి అయ్యేది నీరు మాత్రమే. ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. కనుక తగ్గిన నీటిని ఉప్పునీటితో కాక, శుద్ధజలంతో పూరించవలెను. ఈ తేడా తెలియక ప్రతిసారి ఉప్పునీరు పోస్తే లవణీయత క్రమంగా పెరుగుతూ పోతుంది. పాత చేపలు ఈ నెమ్మదైన మార్పుకు అలవాటుపడి బ్రతికి ఉంటాయి. కొత్తగా వచ్చిన చేప మాత్రం చనిపోతుంది. పాత చేపలు బాగానే ఉన్నాయి కనుక నీటిలో దోషం లేదనుకొనుట పొరపాటు.

ఉష్ణోగ్రత, ఆక్సిజన్

నీరు వేడెక్కిన కొలది అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. ఉప్పునీటిలో ఇది మరింత తక్కువ. 25 డిగ్రీల వద్ద లీటరు మంచినీటిలో సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రజలంలో సుమారు 6.8 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద సముద్రజలంలో ఇది సుమారు 6.2 మిల్లీగ్రాములకు పడిపోతుంది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ప్రాంతాలలో శీతలీకరణ లేని తొట్టి సులభంగా 30 డిగ్రీలు దాటుతుంది. ఒత్తిడిలో ఉన్న కొత్త చేపకు ఆక్సిజన్ మరింత అవసరం. విద్యుత్తు ఆగి పంపు నిలిచిపోయిన రాత్రి చనిపోయేవి తరచు కొత్త చేపలే. బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు దీనికి చవకైన రక్షణ.

రెండవ వారం నుండి: పరాన్నజీవులు

నీటి పరీక్షలు సరిగా ఉన్నప్పటికీ కొన్ని రోజులు గడిచిన తరువాత చేపలు చనిపోతే పరాన్నజీవులను అనుమానించవలెను. క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణజీవి వలన సముద్రపు చేపలకు తెల్లమచ్చల వ్యాధి కలుగుతుంది. ఇది చేప చర్మంలో, మొప్పలలో కొన్ని రోజులు పెరిగి, తరువాత రాలి తొట్టి అడుగున గూడు కట్టుకుంటుంది. గూడులో విభజన చెంది, అనేక పిల్ల జీవులుగా వెలువడి తిరిగి చేపలను పట్టుకుంటుంది. మచ్చలు మాయమైనప్పుడు వ్యాధి తగ్గినదని భావిస్తారు. అది పరాన్నజీవి అడుగున ఉన్న దశ మాత్రమే. సముద్రంలో ఈ పిల్ల జీవులకు చేప దొరకడం కష్టం. తొట్టిలో చేపకు తప్పించుకునే దారి లేదు.

అమైలోఊడినియం అనే మరొక పరాన్నజీవి మొప్పలపై దాడిచేసి, చర్మంపై మచ్చలు స్పష్టంగా కనబడక ముందే కొద్ది రోజులలో చేపలను చంపగలదు. క్లౌన్ చేపలలో బ్రూక్లినెల్లా వలన చర్మంపై జిగురు పొరలుగా ఏర్పడి మరణం సంభవిస్తుంది.

ఒకే రోగిష్ఠి చేపను నేరుగా ప్రధాన తొట్టిలో వేస్తే అందులోని పాత చేపలు కూడా చనిపోవచ్చు. అందువలన కొత్త చేపను 4 నుండి 6 వారాలు విడి తొట్టిలో ఉంచి పరిశీలించడం అవసరం. తెల్లమచ్చల వ్యాధికి, అమైలోఊడినియం వ్యాధికి రాగి లవణాలతో చికిత్స చేస్తారు. రాగి అకశేరుకాలకు విషం కనుక పగడాలు, రొయ్యలు ఉన్న తొట్టిలో దానిని వాడకూడదు.

పోరాటం, ఆహారం

పగడపు దిబ్బలపై అనేక చేపలు తమ స్థలాన్ని కాపాడుకుంటాయి. ఓడిన చేప సముద్రంలో దూరంగా పారిపోతుంది. తొట్టిలో నాలుగు వైపులా గాజే. డాంసెల్ చేపలు, కొన్ని సర్జన్ చేపలు కొత్తగా వచ్చినవాటిని తరిమి, ఆహారం అందనీయక, రెక్కలను కొరికి చంపుతాయి. ఇది తరచు దీపాలు ఆర్పిన తరువాత లేక తెల్లవారుజామున జరుగుతుంది కనుక యజమాని కంటపడదు.

కొన్ని జాతులు తొట్టిలో దొరికే ఆహారాన్ని తినవు. మాండరిన్ చేప ప్రధానంగా సజీవమైన సూక్ష్మ కవచజీవులను తింటుంది. సీతాకోకచిలుక చేపలలో కొన్ని జాతులు పగడాలను మాత్రమే తింటాయి. ఇటువంటివి నెలరోజులు, రెండు నెలలు బ్రతికి క్రమంగా చిక్కి చనిపోతాయి. వీటి విషయంలో పొరపాటు పెంపకంలో కాదు, ఎంపికలో ఉన్నది. కొనుటకు ముందు దుకాణంలో చేప ఆహారం తినడాన్ని కళ్ళారా చూడవలెను.

మరణ సమయాన్ని బట్టి కారణం

మొదటి 24 గంటలు: సంచిలోని అమ్మోనియా, లవణీయత లేక ఉష్ణోగ్రతలో ఆకస్మిక మార్పు, ఆక్సిజన్ కొరత.
2 నుండి 7 రోజులు: తొట్టిలో అమ్మోనియా, తోటి చేపల దాడి, రవాణాలో కలిగిన గాయాలు, సైనైడ్ ప్రభావం.
1 నుండి 4 వారాలు: పరాన్నజీవులు, గాయాలకు సోకిన బాక్టీరియా వ్యాధులు.
నెల తరువాత: ఆహారలోపం, జాతి ఎంపికలో పొరపాటు, క్రమంగా పెరిగిన లవణీయత.

ఈ విభజన స్థూలమైనది. ఒకే చేపపై రెండు మూడు కారణాలు కలిసి పనిచేయడం సర్వసాధారణం.

ఆంధ్రప్రదేశ్‌లో రొయ్యల సాగు అనుభవం

కొత్త నీటిలోకి జీవులను వదలడంలో ఆంధ్ర తీరపు రొయ్యల రైతులకు విస్తారమైన అనుభవం ఉన్నది. అక్వేరియం పెంపకానికి ఇది నేరుగా వర్తిస్తుంది. హేచరీ నుండి రొయ్యపిల్లలను కొనే రైతు తన చెరువు నీటి లవణీయతను ముందుగా తెలియజేస్తాడు. హేచరీవారు పిల్లలను క్రమంగా ఆ లవణీయతకు అలవాటు చేసి సంచులలో నింపుతారు. చెరువు వద్ద సంచులను నీటిపై తేల్చి ఉష్ణోగ్రతను సమం చేసి, ఎండ తగ్గిన వేళ వదులుతారు.

పరాన్నజీవులు, వ్యాధుల విషయంలో పాఠం మరింత ఖరీదైనది. 1990ల ఆరంభంలో విస్తరించిన టైగర్ రొయ్యల సాగు 1994-95లో తెల్లమచ్చ వైరస్ వలన తీవ్రంగా నష్టపోయినది. చేపల తెల్లమచ్చల వ్యాధికి, ఈ వైరస్‌కు పేరులో తప్ప సంబంధం లేదు. 2009లో వనామీ రొయ్యల సాగుకు అనుమతి ఇచ్చినప్పుడు, విదేశాల నుండి వచ్చే తల్లిరొయ్యలను చెన్నైలోని నీలాంకరై క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, పరీక్షించిన తరువాతనే హేచరీలకు ఇచ్చే ఏర్పాటు చేశారు. పరిశ్రమ స్థాయిలో క్వారంటైన్ కేంద్రం చేసే పనినే ఇంటిలో విడి తొట్టి చేస్తుంది.

కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థకు విశాఖపట్నంలో ప్రాంతీయ కేంద్రం కలదు. ఇక్కడ గ్రూపర్ చేపలను, నీటిని శుద్ధిచేసి తిరిగి వాడే తొట్టెలలో ఉంచి సంతానోత్పత్తి చేయించారు. ఆ తొట్టెలలో అమ్మోనియాను తొలగించేది కూడా పైన వివరించిన బాక్టీరియాలే.

నివారణ

చేపలు లేకుండా తొట్టిని 4 నుండి 6 వారాలు నడిపి, అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు చేరిన తరువాతనే మొదటి చేపను వదలవలెను. ఈ కాలంలో బాక్టీరియాలకు ఆహారంగా కొద్దిగా అమ్మోనియం క్లోరైడు గాని, చేపల మేత గాని వేయవలెను. ఒకసారికి ఒకటి రెండు చేపలను మాత్రమే చేర్చి, మధ్య రెండు మూడు వారాల వ్యవధి ఇవ్వవలెను. ప్రతి కొత్త చేపను మొదట విడి తొట్టిలో ఉంచవలెను. దూకుడు గల జాతులను చివరలో చేర్చవలెను. చేప చనిపోయినప్పుడు మరొకటి కొనుటకు ముందు నీటిని పరీక్షించి కారణం తెలుసుకొనవలెను. కారణం తెలియకుండా వదిలిన రెండవ చేప కూడా సాధారణంగా అదే దారి పడుతుంది.

సంరక్షణ, చట్టం

సముద్రపు అలంకారపు చేపలలో అధికభాగం ప్రకృతి నుండి పట్టినవి కనుక తొట్టిలో చనిపోయిన ప్రతి చేప స్థానంలో పగడపు దిబ్బ నుండి మరొకటి పట్టవలసి వస్తుంది. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 పరిధిలోకి 2001లో సముద్రపు గుర్రాలను, దిబ్బలను నిర్మించే పగడాలను చేర్చారు. వీటిని పట్టడం, అమ్మడం నేరం.

హేచరీలో పుట్టిన చేపలు తొట్టి నీటికి, తయారుచేసిన మేతకు పుట్టుకతోనే అలవాటుపడి ఉంటాయి. కేంద్రీయ సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ తమిళనాడులోని మండపం, కేరళలోని విళింజం కేంద్రాలలో క్లౌన్ చేపల ఉత్పత్తి పద్ధతులను అభివృద్ధి చేసినది. కొత్తగా తొట్టి ప్రారంభించేవారికి ఇటువంటి హేచరీ చేపలు అనువైనవి. ఇవి ప్రయాణంలోను, తొట్టిలోను తట్టుకొని నిలబడే అవకాశం ఎక్కువ. పగడపు దిబ్బలపై భారాన్ని కూడా ఇవి తగ్గిస్తాయి.